పుస్తకాలు ఎవరికి అప్పగిస్తారు?

ఉద్దానం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఆమెతో ఫోనులో మాట్లాడి, అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వీలున్న వివరాలు, అంకెలు మార్చి ఆ ఉత్తరం సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 25 ఏళ్లు. టెక్కలిలో బీకాం చదివారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడితోటలనూ కొబ్బరిచెట్లనూ కూల్చేసిన మరుసటి ఏడాది, వాళ్ల ఊరూ చుట్టుపక్కల నాలుగు ఊళ్లూ కలిసి మహిళా రైతులతో ఒక పరస్పర సహాయ సహకార సంఘం పెట్టుకున్నాయి. మ్యాక్స్ సంఘం అంటేనే అక్కడ అందరికీ తెలుస్తుంది. సభ్యులు 310 మంది. సీజన్లో సభ్యుల జీడిపిక్కలు సేకరించి గోదాములో నిల్వ చేసి, ధర వచ్చినప్పుడు అమ్ముతారు. కొంత సరుకును కాల్చి, ఒలిపించి పప్పుగా అమ్ముతారు. మొదటి నుంచీ ఈమె తల్లే అధ్యక్షురాలు. నాలుగేళ్లుగా లెక్కలు రాస్తున్నది ఈమె. జీతం నెలకు 9,000 రూపాయలు.

ఇప్పుడు భువనేశ్వర్‌లోని ఒక సంస్థలో గ్రామీణ నిర్వహణలో రెండేళ్ల పీజీ సీటు వచ్చింది. సహకార సంఘాలు, సామాజిక సంస్థలు నడపడం అందులో ప్రత్యేక అంశం. ఫీజు, హాస్టలు కలిపి 12 లక్షలవుతుంది. మొదటి వాయిదాకు నెల రోజులే గడువు. తండ్రి మూడు దారులు చూశారు: బ్యాంకు రుణం, ఎకరన్నర జీడితోట తాకట్టు, లేదా పాత పరిచయం ఉన్న పిక్కల వ్యాపారి దగ్గర వడ్డీ లేని 4 లక్షలు. వ్యాపారి పెట్టిన షరతు ఒక్కటే. అయిదేళ్లపాటు ఆ తోట పిక్కలు తనకే వేయాలి. మేనమామ మాత్రం "సహకారం అంటే మూతపడిన ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీయే కదా, బ్యాంకు పరీక్షలకు చదువుకో" అంటున్నారు. తల్లి వద్దని అనడం లేదు. "నువ్వు వెళ్తే పుస్తకాలు ఎవరు రాస్తారు?" అని మాత్రం అంటున్నారు. తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చాడు. బరంపురం నుంచి ఒక పెళ్లి సంబంధం కూడా నడుస్తోంది.

ఆఖరి పేజీలో మరో సంగతి ఉంది. నిరుడు ఏప్రిల్‌లో, సంఘం 80 కిలోల బస్తాకు 9,200 రూపాయలు ఇస్తున్నప్పుడు, పాలకవర్గంలో ఉన్న ఒక దగ్గరి బంధువు 22 బస్తాలు వేశారు. జూన్‌లో ధర 10,400కు చేరాక, ఆ బస్తాలను జూన్ తేదీతో రాయమన్నారు. ఈమె రాశారు. "సీజన్ అయ్యాక చూద్దాం" అన్న తల్లి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. "ఇది సలహా కోసం రాయడం లేదు, మనసులో ఉంచుకోలేక రాశాను" అని ఉంది. అడిగిన ప్రశ్న మాత్రం చిన్నదే: "వెళ్లనా, ఉండిపోనా?"

* * *

మీ ఉత్తరంలో అయిదు పేజీలు నీలం సిరాతో ఉన్నాయి, ఆరోది నల్ల సిరాతో ఉంది. అయిదూ రాసి, మడిచి, కవరు అంటించబోయి, మళ్లీ తీసి ఆరోది చేర్చారని నా ఊహ. పాతికేళ్లు సంఘాల పుస్తకాలు తనిఖీ చేసినవాళ్లకు ఇదో పాడు అలవాటు, అక్షరాల కంటే ముందు సిరా మీదికి చూపు పోతుంది. మీరు సలహా అడగని ఆ ఆరో పేజీతోనే మొదలుపెడతాను. కోపగించుకోకండి. మిగతా అయిదింటికీ సగం జవాబు అక్కడే ఉంది.

బస్తాకు 1,200 చొప్పున 22 బస్తాలకు తేడా 26,400 రూపాయలు. 310 మందికి పంచితే మనిషికి 85 రూపాయలు. అంత చిన్న మొత్తానికి ఇంత గొడవ ఎందుకని మీ ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. 85 రూపాయలు పోయాయని ఏ సభ్యురాలూ సంఘం వదిలిపెట్టదు. పాలకవర్గం వాళ్ల బస్తాలకు ఒక తేదీ, మన బస్తాలకు ఒక తేదీ అని బావి దగ్గర విన్న రోజున వదిలిపెడుతుంది. రాజీనామా కాగితం ఏమీ ఇవ్వదు. మరుసటి ఏప్రిల్‌లో బస్తాలను మీ గోదాముకు కాకుండా వ్యాపారి కాటా దగ్గరికి పంపుతుంది, అంతే.

ఇది బయటపడదని కూడా అనుకోవద్దు. గోదాము స్టాకు పుస్తకంలో ఆ 22 బస్తాలు ఏప్రిల్‌లోనే దిగి ఉంటాయి. కొనుగోలు పుస్తకంలో జూన్‌లో పుడతాయి. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టడం ఏ ఆడిటరైనా మొదట చేసే పని, పది నిమిషాలు పట్టదు. అప్పుడు కనిపించే చేతిరాత మీది. రాయమన్న నోరు ఏ పుస్తకంలోనూ ఉండదు.

చాలా ఏళ్ల కిందట విజయనగరం జిల్లాలో ఒక చిన్న సంఘానికి తనిఖీకి వెళ్లాను. అక్కడి గుమాస్తాకు వేరే ఉద్యోగం వచ్చి ఊరు విడిచాడు. నేను వెళ్లేసరికి తేలని ప్రతి పద్దుకూ అతని పేరే చెబుతున్నారు. తేదీలు చూస్తే వాటిలో సగం అతను చేరక ముందువి. మిగతా సగంలో కూడా ఎన్ని అతనివో, ఎన్ని అతనితో రాయించినవో తేల్చడానికి ఆ మనిషి ఎదురుగా లేడు. లేనివాడి మీదికి నెట్టడం ఎంత సులువో ఆ రోజు చూశాను. మీరు భువనేశ్వర్‌లో పరీక్షలు రాస్తుండగా ఇక్కడ ఆడిట్ జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

దీనికి నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోవడం. దాని ఫలితం ఇప్పుడే చెప్పాను. రెండోది, ఇంట్లోనే తేల్చుకోవడం. మీ అమ్మగారూ ఆ బంధువూ కూర్చుని, ఈ సీజన్లో ఆమెకు రావలసిన సొమ్ములో 26,400 తగ్గించి, పాలకవర్గంలో ఒక తీర్మానం రాసి, సవరణ పద్దు వేయడం. తప్పు జరిగిందని అందులో ఒప్పుకోవాలి, కానీ ఊరంతా చాటనక్కరలేదు. మూడోది, నేరుగా పాలకవర్గం ముందు పెట్టడం. అది శుభ్రమైన దారే, ఖరీదైనది కూడా. ఆ బంధువు మీ ఇంటి గడప తొక్కకపోవచ్చు, వచ్చే ఎన్నికలో మీ అమ్మగారి పదవికి ముప్పు రావచ్చు. నేను మీ చోట ఉంటే రెండోదాన్ని ప్రయత్నించి, పది రోజుల్లో కదలకపోతే మూడోదానికి వెళ్తాను. ఏ దారిలో వెళ్లినా పాత పద్దును దిద్దకండి, కొట్టివేయకండి, ఆ పుట జోలికే పోకండి. తప్పు పద్దు అలాగే ఉండాలి. దాన్ని సరిచేసే పద్దు ఈనాటి తేదీతో, తీర్మానం నంబరుతో రావాలి. దిద్దిన పుటను చూస్తే ఆడిటరుకు వచ్చే అనుమానం తప్పు పద్దును చూస్తే రాదు.

ఇక మీ అమ్మగారి మాట. "నువ్వు వెళ్తే పుస్తకాలు ఎవరు రాస్తారు?" ఈ ప్రశ్న విన్నప్పుడల్లా మీకు గుండె పట్టేసినట్టు ఉంటోందని రాశారు. ఆవిడ ప్రేమతోనే అడుగుతున్నారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ ప్రశ్న మీరు తీర్చాల్సింది కాదు, 310 మంది సభ్యులది. నాలుగేళ్లలో రెండో మనిషికి పుస్తకాలు రాయడం నేర్పకపోవడం పాలకవర్గం లోపం. అందులో మీ వాటా కూడా కొంత ఉంది. మనం లేకపోతే పని జరగదనే మాట వినడానికి తీయగా ఉంటుంది.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. చెక్కు మీద సంతకం పెట్టే చేయీ, పుస్తకంలో పద్దు రాసే చేయీ ఒకే వంటింట్లో అన్నం తింటున్నాయి. మీరిద్దరూ ఎంత నిజాయితీపరులైనా ఈ ఏర్పాటు మంచిది కాదు. ఆ 22 బస్తాల దగ్గర జరిగింది అదే కదా. మీరు బయటి మనిషి అయి ఉంటే, "తీర్మానం లేకుండా తేదీ మార్చను" అని ఉండేవారు. కూతురు కాబట్టి అనలేకపోయారు. అందుకే మీరు చదువుకు వెళ్లినా, వెళ్లకపోయినా, ఆ కుర్చీలోంచి లేవడం సంఘానికి మేలని నా అభిప్రాయం. ఉండిపోదలిస్తే అమ్మగారు అధ్యక్ష పదవి వదలాలి, లేదా మీరు లెక్కలు వదిలి సరుకు, అమ్మకాలు చూసుకోవాలి.

మీ సంఘం రిజిస్టరైన 1995 చట్టాన్ని ఒకసారి గుర్తుచేస్తాను. 1964 నాటి సహకార చట్టం కింద ఉన్న సంఘాల్లో ప్రభుత్వం వాటాధనం పెట్టగలదు, పాలకవర్గాన్ని పక్కకు తప్పించి తన మనిషిని కూర్చోబెట్టగలదు. ఆ చేయి అడ్డం లేకుండా, సభ్యులే తమ సంఘాన్ని తాము నడుపుకోవాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మ్యాక్స్ చట్టం తెచ్చారు. స్వేచ్ఛ వచ్చిందంటే, చెడితే వచ్చి నిలబెట్టే చేయి కూడా లేదన్నమాట. అయిదు ఊళ్లలో డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న కోడళ్లు ఎంతమంది ఉంటారు? ఇద్దరిని ఎంచుకోండి. ఒకరు స్టాకు, ఒకరు నగదు. ఒకే మనిషికి రెండూ ఇవ్వకండి. నెలకోసారి పలాస నుంచి ఒక అకౌంటెంటు వచ్చి సరిచూసేలా మాట్లాడుకోండి. మీకిచ్చే 9,000కు మరికొంత కలిపితే ఇది నడుస్తుంది.

చదువు సంగతికి వస్తాను. ఇది మామూలు ఎంబీఏ కంటే ఎందుకు వేరో మీ మామయ్యకు చెప్పలేకపోయానని బాధపడ్డారు. జీడిపిక్కల భాషలో చెప్పండి. మామూలు ఎంబీఏ చదివినవాడు వ్యాపారి దగ్గర చేరితే, అతని తెలివంతా పిక్క చవకగా కొనడంలో, పప్పు ప్రియంగా అమ్మడంలో ఉంటుంది. మీ సంఘంలో పిక్క అమ్మేది ఎవరు? యజమానులే. చవకగా కొంటే యజమాని కడుపు కొట్టినట్టు. ప్రియంగా కొంటే ఏడాది చివర నష్టం, అదీ యజమానిదే. ఏప్రిల్‌లో బస్తాకు ఎంత ఇవ్వాలి, అమ్మకం తేలాక బోనసుగా ఎంత పంచాలి, నిధిలో ఎంత ఉంచాలి? ఏప్రిల్‌లో డబ్బు అవసరమై బయట అమ్ముకునే సభ్యురాలిని ఎలా నిలుపుకోవాలి? నిల్వకు కావలసిన పెట్టుబడి సభ్యుల నుంచే ఎలా రాబట్టాలి? రెండు బస్తాలు వేసే ఆమెకూ ఇరవై బస్తాలు వేసే ఆమెకూ ఒకే ఓటున్నప్పుడు, సభ్యులందరూ కూర్చునే మహాజన సభను ఎలా నడపాలి? ఈ చదువు సారమంతా ఈ ప్రశ్నల్లోనే ఉంది. వీటిలో సగం మీరు నాలుగేళ్లుగా నలుగుతూనే ఉన్నారు. క్లాసులో పక్కవాళ్లు వీటిని పుస్తకంలో మొదటిసారి చదువుతుంటే, మీకు గోదాము వాసన గుర్తొస్తుంది.

చట్టాలు కూడా చెబుతారు, అది తక్కువ సంగతి కాదు. మన ఉత్తరాంధ్రలో పాలు సేకరించే విశాఖ డెయిరీనే చూడండి. మొదట పాత సహకార చట్టం కింద ఉండి, తర్వాత మ్యాక్స్ చట్టం కిందికి వచ్చి, ఇప్పుడు ఉత్పత్తిదారుల కంపెనీగా ఉంది. అవే గేదెలు, అదే పాల కేంద్రం. చట్టం మారినప్పుడల్లా ఎవరు ఎవరికి లెక్క చెప్పాలన్నది మారింది. మీ సంఘాన్నీ కంపెనీగా మార్చుకొమ్మని చెప్పడానికి ఎవరో ఒకరు వస్తారు. 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణతో పదిమంది రైతులు కలిసి ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు. అందులోనూ మనిషికి ఒకే ఓటు. కానీ పూర్తికాలం పనిచేసే ముఖ్య కార్యనిర్వాహకుడు తప్పనిసరి, ఆ మనిషి సభ్యుడై ఉండకూడదు. మార్చుకోవాలా వద్దా అన్నది తేల్చాలంటే ఈ చదువు అక్కరకొస్తుంది.

ఎక్కడ చదవాలన్నది. ఈ చదువుకు పుట్టిల్లు గుజరాత్‌లోని ఆనంద్. పాల సంఘాలకు తగిన నిర్వాహకులు కావాలని అమూల్‌ను పెంచిన వర్గీస్ కురియన్ 1979లో అక్కడ గ్రామీణ నిర్వహణ సంస్థ పెట్టారు. 2025లో పార్లమెంటు చట్టంతో అదే త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయానికి ఆధారమైంది. 1946లో ఖేడా జిల్లా పాల సంఘాన్ని, అంటే ఇప్పటి అమూల్‌ను, నిలబెట్టిన త్రిభువన్‌దాస్ పటేల్ పేరు అది. పుణేలో వైకుంఠ మెహతా సహకార నిర్వహణ సంస్థ ఉంది. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో సామాజిక సంస్థల స్థాపన మీద ఎంఏ ఉంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. దాని దగ్గరలోనే ఉన్న జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ, మేనేజ్ అంటారు, దాని పీజీకి వ్యవసాయం, దాని అనుబంధ డిగ్రీలు కావాలి, మీ బీకాం పనికిరాదు. ఆ దరఖాస్తుకు డబ్బు తగలేయకండి. మీకు భువనేశ్వర్ ఉన్న సౌలభ్యం వేరు. పలాసలో రైలెక్కితే నాలుగైదు గంటలు. ఏప్రిల్ చివర ఒక శని, ఆదివారాలు వచ్చి గోదాము చూసి పోవచ్చు. బ్రిటన్ వెళ్లమని విశాఖ కన్సల్టెన్సీవాళ్లు ఫోన్లు చేస్తున్నారని రెండు వాక్యాలు రాశారు. నేనూ రెండే రాస్తాను. అప్పు ఎన్నో రెట్లు అవుతుంది. అక్కడ 2005 నుంచి ఉన్న సమాజ ప్రయోజన కంపెనీల చట్టం గురించి బాగా చెబుతారు, అది మీ పలాసలో చెల్లదు.

ఇప్పుడు డబ్బు. మీ నాన్నగారు చూసిన మూడు దారుల్లో ఒక్కదాని విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. ఆ వ్యాపారి డబ్బు ముట్టుకోకండి. వడ్డీ లేదంటే అర్థం, వడ్డీ పిక్కల్లో ఉందని. అంతకంటే పెద్ద సంగతి, సంఘం అధ్యక్షురాలి తోట పిక్కలు అయిదేళ్లు బయటి కాటాకు పోతాయి. సంఘానికే వేయండని ఆవిడ మహాజన సభలో ఏ నోటితో చెబుతారు? సహకార సంఘాన్ని నడపడం నేర్చుకోవడానికి సంఘాన్ని విరగ్గొట్టే ఒప్పందం మీద సంతకం పెట్టడమవుతుంది. అతను తెలివైనవాడు. 4 లక్షలకు అతను కొనాలనుకుంటున్నది మీ ఎకరన్నర పిక్కలను కాదు.

తోట తాకట్టు మాట కూడా ముందే ఎత్తనక్కరలేదు. చదువు రుణం 4 లక్షల వరకు హామీ ఆస్తి అడగరు. 7.5 లక్షల వరకు ప్రభుత్వ హామీ నిధి పథకం ఉంది. 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, జాబితాలో ఉన్న సంస్థలో సీటు వస్తే ఆస్తి తాకట్టు, పూచీ లేకుండా రుణం ఇస్తారు. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, 10 లక్షల వరకు తీసుకున్న అప్పు మీద చదువుకునే కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంటుంది. మీ సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే ఈ లెక్కంతా మారిపోతుంది.

అప్పు పుట్టడం ఒక ఎత్తు, తీర్చడం ఒక ఎత్తు. రాయితీ ఏదీ లేదనుకుని లెక్క వేద్దాం. 10 లక్షలు, 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అయితే నెలకు 13,200 పైచిలుకు కట్టాలి. చదువుతున్నప్పుడు, ఆ తర్వాతి ఏడాదిలో వడ్డీ కట్టకుండా వదిలేస్తే అసలుకు రెండు లక్షలకు పైగా కలుస్తుంది, వాయిదా 16,000 దాటుతుంది. మరి జీతం? పెద్ద సంస్థల్లో చదివినవారికి బ్యాంకులు, సూక్ష్మ రుణ సంస్థలు, పెద్ద కంపెనీలు మంచి జీతాలే ఇస్తాయి. ఆ ఉద్యోగాలు మిమ్మల్ని ఏ జైపూరుకో రాయపూరుకో తీసుకుపోతాయి. మీరు రావాలనుకుంటున్న చోట జీతం ఎంతో ఒక గుర్తు చెబుతాను. 2020లో కేంద్రం మొదలుపెట్టిన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకంలో ముఖ్య కార్యనిర్వాహకుడి జీతానికి ఇచ్చే సాయం నెలకు గరిష్ఠంగా 25,000. అదీ మూడేళ్లే, ఆ తర్వాత సంఘం తన సంపాదన నుంచే ఇచ్చుకోవాలి. 25,000లో 16,000 పోతే మిగిలేది మీ ఇప్పటి 9,000. ఈ కూడికలు, తీసివేతలు చేశాక నేనే కాసేపు కలం కింద పెట్టాను. అప్పు పెద్దదైతే, చదివింది ఎక్కడ వాడాలో అప్పే నిర్ణయిస్తుంది. తిరిగి వచ్చి సంఘాన్ని పెంచుతానని ఉత్తరంలో మూడుసార్లు రాశారు. 10 లక్షలు అప్పు చేస్తే, కనీసం మొదటి నాలుగైదేళ్లు ఆ మాట పక్కన పెట్టాల్సి రావచ్చు. అది నేరం కాదు. కానీ అమ్మగారికి ముందే చెప్పి వెళ్లండి, రెండేళ్లలో వచ్చేస్తానని ఆశ పెట్టకండి.

సంఘం నుంచే కొంత సాయం అడగవచ్చా అన్న ఆలోచన మీ ఉత్తరంలో లేదు. నాకు తోచింది. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది కలిసి దుకాణం పెట్టుకున్న సంఘం, తర్వాత తన మిగులులో రెండున్నర శాతం సభ్యుల చదువుకు కేటాయించింది. ఈనాటికీ సహకార సూత్రాలు ఏడింటిలో అయిదోది చదువు, శిక్షణే. మీ సంఘం ఒక లక్షో రెండు లక్షలో చదువు రుణంగా ఇచ్చి, తిరిగి వచ్చి రెండేళ్లు పనిచేయాలని ఒప్పందం రాసుకోవచ్చు. అధ్యక్షురాలి కూతురికి కాబట్టి గుసగుసలు తప్పవు. ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు మీ అమ్మగారు లేచి బయటికి వెళ్లాలి, తీర్మానం మహాజన సభలో కావాలి, మీ తర్వాత వేరే సభ్యురాలి బిడ్డ అడిగినా ఇదే నియమం వర్తించాలి. ఆ 22 బస్తాల సంగతి తేలకముందు ఈ మాట ఎత్తితే మాత్రం రెండు గొడవలూ ఒకే రోజు ముంగిట్లోకి వస్తాయి.

మీ మామయ్య మాటను తీసిపారేయకండి. ఆమదాలవలస ఫ్యాక్టరీ సహకార రంగంలోనే పుట్టింది, మూతపడింది. చెరకు వేసిన కుటుంబాలకు అది కళ్లెదుటి సంగతి. ఆయన భయానికి కారణం ఉంది. బ్యాంకు ఉద్యోగం చిన్న కోరిక కూడా కాదు. తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు వచ్చే ఏడాది నుంచే మొదలవుతుంది కాబట్టి ఇంట్లో ఒక నిలకడైన జీతం అవసరమనుకుంటే, అదీ గౌరవమైన దారే. అలా చేస్తే మీలోని ఈ ఆసక్తి సెలవు రోజుల పనిగా మిగులుతుంది. దానితో మీరు సర్దుకోగలరా అన్నది నాకంటే మీకే తెలుసు. సంబంధం సంగతి: రెండేళ్లు చదువుతుందని ముందే చెప్పండి. ఆగేవాళ్లయితే ఆగుతారు.

వెళ్లడం, ఉండడం అనే రెండింటి మధ్య మీకు కనిపించని దారులు కూడా ఉన్నాయి. ఒకటి, ఈ సీటు వదులుకుని ఒక ఏడాది తీసుకోవడం. ఈ సీజన్ ముగించి, పుస్తకాలు అప్పగించి, నవంబరులో క్యాట్, జనవరిలో గ్జాట్ ప్రవేశపరీక్షలు రాసి, ఆనంద్ సహా నాలుగు చోట్ల ప్రయత్నించడం. మంచి ర్యాంకు వస్తే ఫీజులో రాయితీ అడిగే వీలుంటుంది. రాకపోతే చేతిలో ఉన్న సీటూ పోయినట్టే. పైగా తమ్ముడి ఫీజూ మీ ఫీజూ ఒకే సంవత్సరంలో పడతాయి. రెండోది, ఇక్కడే ఉంటూ ఇగ్నోలో గ్రామీణాభివృద్ధి ఎంఏ దూరవిద్యలో చేయడం, లేదా హైదరాబాదులోని సహకార నిర్వహణ సంస్థలో ఏడాది లోపు ముగిసే ఉన్నత డిప్లొమాకు వెళ్లిరావడం. ఖర్చు చాలా తక్కువ. పెద్ద ఉద్యోగాల గుమ్మం దగ్గర ఈ కాగితాలకు అంత బరువు ఉండదు. మీ సంఘానికి మాత్రం వచ్చే సీజన్ నుంచే పనికొస్తాయి.

నా మొగ్గు ఏడాది ఆగడం వైపే. అయితే వయసైనవాళ్లకు ఆగమని చెప్పడం ఎప్పుడూ సులువే. పీఎం విద్యాలక్ష్మి జాబితాలో మీ సంస్థ పేరు ఉండి, ఇద్దరు అమ్మాయిలు పుస్తకాలు పట్టడానికి ఒప్పుకుని, ఆ 22 బస్తాల తీర్మానం నెల లోపే అయిపోతే నేను చెప్పింది పక్కన పెట్టి ఈ జూన్‌లోనే రైలెక్కండి. వీటిలో మొదటిది ఒక ఫోను కాల్‌తో తేలుతుంది, రెండోది ఒక మహాజన సభతో. మూడోదానికి మీ అమ్మగారితో ఒక సాయంత్రం కూర్చోవాలి. పని ముగిసి, బట్టీ చల్లారి, ఒలిచే ఆడవాళ్లు చేతుల బూడిద కడుక్కుని ఇళ్లకు వెళ్లాక అడగండి. ఇంట్లో అడగకండి, గోదాములోనే, కొనుగోలు పుస్తకం ముందు పెట్టుకుని అడగండి.

వెళ్లేటప్పుడు చార్జి అప్పగింత కాగితం మీదే జరగాలి. ఏ పుస్తకం ఏ పుట వరకు రాశారు, చేతిలో నగదు ఎంత, బ్యాంకులో ఎంత, గోదాములో ఎన్ని బస్తాలు, తేలని పద్దులు ఏవి, అన్నీ రాసి ఇద్దరు పాలకవర్గ సభ్యుల చేత సంతకం చేయించుకుని ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ఆ ఇద్దరిలో మీ బంధువులు ఎవరూ ఉండకూడదు.

మీ ఉత్తరంలోని అయిదు పేజీలు నా దగ్గర ఉన్నాయి. ఆరో పేజీని స్పీడ్ పోస్టులో మీకే తిరిగి పంపాను. దాని వెనక, సవరణ పద్దు ఎలా రాయాలో పెన్సిలుతో నమూనా రాశాను. తేదీ, తీర్మానం నంబరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలాను.